నలభై రోజులు దుప్పటి కింద, ఏడాది పని మీద: నా కుట్టు మిషన్ గురించి

ఈ మిషన్ కొన్న వారానికే దీని గురించి చెప్పమని ఉంటే ఒక్క మాట కూడా చెప్పలేకపోయేదాన్ని. తెచ్చిన రోజు దాని మీద పాత దుప్పటి కప్పాను, నలభై రోజుల దాకా తీయలేదు. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ఎన్ని సూదులు విరిగాయో, బెల్టు ఎన్నిసార్లు కోసి మళ్లీ బిగించామో, ఏ నెలలో ఎన్ని జాకెట్లు కుట్టానో అన్నీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. కుట్టు మిషన్ కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకూ, ఇంట్లో ఉండి ఏ పనీ చేయబుద్ధి కాక రోజులు వెళ్లదీస్తున్న ఆడవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది అనంతపురం, పాతూరు. నాకు 54 ఏళ్లు. కొన్నది నల్ల తలకాయ ఉన్న మామూలు మిషన్. ఇనుప స్టాండు, కింద కాళ్లతో తొక్కే పలక, పక్కన పెద్ద చక్రం, పైన చెక్క బల్ల. కుట్టు ఒకటే రకం, నేరుగా పోయే కుట్టు. జిగ్‌జాగ్ లేదు, కాజాలు వేయదు, పూలు కుట్టదు. ఇంటికి తెచ్చి బిగించి ఇచ్చినందుకు కూడా కలిపి 8,600 రూపాయలు తీసుకున్నారు. దాంతో పాటు నాలుగు బాబిన్లు (కిందిదారం చుట్టుకునే చిన్న చక్రాలు), సూదుల పాకెట్టు, ఒక స్క్రూడ్రైవరు, చిన్న నూనె సీసా ఇచ్చారు. అదే షాపులో రకరకాల కుట్లు వేసే తెల్ల మిషన్ కూడా చూపించారు. ధర ఇంచుమించు రెండింతలు. బెంగళూరులో ఉన్న మా పాప ఫోటో చూసి అదే తీసుకోమంది. నేను పదిహేడేళ్ల వయసులో, కళ్యాణదుర్గం దగ్గర మా పుట్టింట్లో ఉన్నప్పుడు, రెండు ఎండాకాలాలు నేర్చుకున్నది ఇట్లాంటి నల్ల మిషన్ మీదే. చేతికి తెలిసినదే కావాలన్నాను.

మిషన్ సంగతులకు ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే ఆ నలభై రోజులు ఎందుకు గడిచాయో అర్థం కాదు.

మా అత్తకు పక్షవాతం వచ్చి తొమ్మిదేళ్లు మంచంలోనే ఉంది. పొద్దున నాలుగున్నరకు లేచేదాన్ని. ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, రాగిజావ కాచి చెంచాతో పట్టడం, వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. రాత్రిళ్లు కూడా అలారం పెట్టుకుని లేచి తిప్పేదాన్ని. పాప పెళ్లికి మంటపంలో తలంబ్రాలు అయిన గంటకే ఇంటికి వచ్చేశాను. అత్తకు నోట మాట సరిగా వచ్చేది కాదు గానీ నేను గదిలోకి వస్తే కుడిచెయ్యి కొంచెం పైకెత్తేది. ఆ చెయ్యి చూసుకునే నా రోజు నడిచేది.

ఒక మాఘమాసంలో ఆమె పోయింది. కర్మలన్నీ అయ్యాక చుట్టాలందరూ ఒకటే మాట. ఇన్నేళ్లు చాకిరీ చేసినావు, ఇంక రెస్ట్ తీసుకోమ్మా అన్నారు. నిజంగానే మొదటి నెల బాగా నిద్రపోయాను. రెండో నెలా పోయాను. తర్వాత అది నిద్ర అనడానికి లేదు. తొమ్మిదింటికి మెలకువ వచ్చినా పదింటి దాకా లేచేదాన్ని కాదు. లేచి ఫోన్ పట్టుకుంటే ఒక రీలు తర్వాత ఒక రీలు, మధ్యాహ్నం అయిపోయేది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్న వాసన వచ్చినా లేవకుండా పడుకున్న రోజు ఉంది. తులసి కోట ఎండిపోయింది. మా ఆయన కొన్నాళ్లు ఏమీ అనలేదు, పొద్దున బయట ఉగ్గాని తిని ఆఫీసుకు పోయేవాడు. చీటీ డబ్బులకు వచ్చిన అక్క తలుపు కొడితే ఇంట్లో లేనట్టు ఊరుకున్నాను. సాయంత్రం దాకా నైటీలోనే ఉండి, పాప ఫోన్ చేసే టైముకు మొహం కడుక్కునేదాన్ని.

బద్ధకంగా ఉన్నవాళ్లకు హాయిగా ఉంటుందని అనుకుంటారు. నాకు ఒక్కరోజు కూడా హాయిగా లేదు. పడుకున్నంతసేపూ చేయని పనులే తలలో తిరిగేవి. అంట్లు, అటక మీది సామాన్లు, పోస్టాఫీసులో పాస్‌బుక్, కూర్చున్న చోట నుంచే ఒక్కొక్కటీ లెక్కపెట్టేదాన్ని. లెక్క పెరిగేకొద్దీ కాళ్లు ఇంకా బరువెక్కేవి. డాక్టరుకు చూపించాం. థైరాయిడ్ బాగానే ఉంది, విటమిన్ డి తక్కువ ఉందని వారానికో బిళ్ల రాశారు. రోజూ నడవమన్నారు. బిళ్లలు వేసుకున్నాను గానీ నడవలేదు. ఈ పరీక్షలు చేయించుకోవడం మాత్రం మంచిదే. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా మనిషి ఇట్లాగే వాలిపోతుంది, దాన్ని ఊరికే సోమరితనం అని తిట్టుకుంటే లాభం లేదు.

మరుసటి సంవత్సరం ఉగాదికి పాప పదివేలు పంపింది, చీర కొనుక్కోమని. చీర కట్టుకుని ఎక్కడికి పోవాలి అనిపించింది. మా ఆయన ఆ డబ్బుతో మిషన్ కొందామన్నాడు. సరే అన్నాను, కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా. అట్లా వచ్చింది ఈ మిషన్.

ఇంట్లో వెలుతురు బాగా పడే చోటు ఒకటే ఉంది, ముందు గదిలో కిటికీ పక్కన. అత్త మంచం ఉన్న చోటు. షాపువాళ్లు వచ్చి నన్ను అడగకుండా అక్కడే పెట్టి బిగించారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా అక్కడే పెడతారు. వాళ్లు పోయాక దుప్పటి కప్పాను. వారం తిరక్కుండానే దాని మీద ఇస్త్రీ బట్టలు, ఫోన్ ఛార్జరు, కరెంటు బిల్లులు చేరాయి. నేను కుట్టకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం అని అప్పుడు అనుకున్నాను. ఆ చోట కూర్చుని ఇంకో పని చేయడం నాకు చేతకాలేదని ఇప్పుడు తెలుస్తోంది.

వైశాఖంలో పెళ్లిళ్లు జోరుగా ఉన్నాయి. ఎదురింటి అమ్మాయి, బడిలో టీచరు, ఒక సోమవారం పొద్దున రెండు జాకెట్లు పట్టుకుని వచ్చింది. కాన్పు తర్వాత కొంచెం ఒళ్లు వచ్చింది, పాత జాకెట్లు పట్టడం లేదు. గురువారం తమ్ముడి పెళ్లి. టైలరేమో పదిహేను రోజులు ఆగమన్నాడట.

“పిన్నమ్మా, మీ ఇంట్లో మిషన్ ఉందంట కదా. రెండు పక్కలా కుట్టు విప్పి అరంగుళం వదులు చేసి ఇస్తారా? బుధవారం సాయంత్రం వచ్చి తీసుకుంటా.”

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ పిల్ల జాకెట్లు నా చేతిలో పెట్టి, పసిబిడ్డ ఏడుస్తోందని పరుగెత్తుకుంటూ పోయింది.

ఆ మధ్యాహ్నం దుప్పటి తీశాను. చక్రం తిరగలేదు. రెండు చేతులతో తిప్పితే గరగరమని సగం తిరిగి ఆగిపోయింది. మా ఊళ్లో ఎండాకాలపు గాలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, కిటికీ మూసినా సన్న దుమ్ము వచ్చి పడుతుంది. షాపుకు ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు. సాయంత్రం దాకా రాలేదు, మంగళవారం కూడా రాలేదు. కొనేటప్పుడు సంవత్సరం ఉచిత సర్వీసు అని చెప్పారు. ఈ పద్నాలుగు నెలల్లో మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి వచ్చారు. ఈ విషయంలో నాకు గట్టి అసంతృప్తి ఉంది. మిషన్ కొనేటప్పుడు ఉచిత సర్వీసు మాట నమ్మి కొనకండి, ఇంటికి దగ్గర్లో మంచి మెకానిక్ ఎవరున్నారో ముందే కనుక్కోండి.

మా ఆయన పాతూరు బజారులో వాకబు చేసి ఒక మెకానిక్ భాయ్‌ని తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. చాలా ఏళ్లు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్లు బాగుచేశాడట. రాయదుర్గంలో ఇంటింటా మిషన్ ఉంటుందని మా వైపు చెప్పుకుంటారు, బళ్లారి వ్యాపారులకు కూడా అక్కడ కుడతారు. భాయ్ కూర్చుని తలకాయ వెనక్కి వంచి లోపల చూశాడు.

“కొబ్బరినూనె పోసినారా అమ్మా?”

సోమవారం నేను చేసిన పని అదే. షాపువాళ్లు ఇచ్చిన సీసా ఎక్కడ పెట్టానో దొరక్క, వంటింట్లోని కొబ్బరినూనె పోశాను. అది కొన్నాళ్లకు జిగురు కట్టి లోపల భాగాలను పట్టేస్తుందట. కిరసనాయిలు పోసి, పాత బ్రష్షుతో ఆ నూనె, దుమ్ము అంతా కడిగి, గుడ్డతో తుడిచి, నీళ్ల మాదిరి పలచగా ఉండే మిషన్ నూనె ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వేశాడు. చక్రం వేలితో తిరిగింది.

“మిషను నడిస్తే పాడుగాదు తల్లీ. నిలబెడితేనే పాడైతాది. వారానికి ఒక దినమన్నా తొక్కు. కుట్టేదేం లేకపోతే కాగితం పెట్టి తొక్కు.”

ఆయన చెప్పిన ఇంకో విషయం కొత్తగా నేర్చుకునేవాళ్లకు చాలా ముఖ్యం. మిషన్ కుట్టుకు రెండు దారాలుంటాయి. పైనుంచి సూదితో దిగేది ఒకటి, కింద బాబిన్లో ఉండేది ఒకటి. సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది కాబట్టి పైదారం గుడ్డ కిందికి దిగి ఉంగరంలా విచ్చుకుంటుంది, కింద ఆడే షటిల్ అనే భాగం దాన్ని పట్టుకుని కిందిదారం చుట్టూ తిప్పుతుంది. ఆ రెండూ గుడ్డ మధ్యలో ముడిపడాలి. గుడ్డ అడుగున దారం గూడులా చిక్కుపడితే అందరూ బాబిన్ తీసి చూస్తారు. నేనూ అదే చేశాను. కానీ అడుగున చిక్కుపడితే తప్పు పైదారానిది, దాని టెన్షన్, అంటే బిగువు, వదులుగా ఉందని గుర్తు. ముందున్న చిన్న బిళ్లను కొంచెం బిగించాలి. కిందిదారం చుక్కలు చుక్కలుగా పైకి కనిపిస్తే పైదారం మరీ బిగుసుకుందని. ఈ మాట తెలిసేదాకా నేను ఒక గంటలో మూడుసార్లు ఏడుపు ఆపుకున్నాను. తెలిశాక ఐదు నిమిషాల్లో సరిపోయింది. మొన దగ్గర కన్నున్న సూదితో, రెండు దారాలతో కుట్టే మిషన్‌కు అమెరికాలో ఎలియాస్ హోవ్ అనే ఆయన 1846లో పేటెంటు తీసుకున్నాడని తర్వాత తెలుసుకున్నాను. ఇన్నేళ్లయినా నా ముందున్న మిషన్ లోపల జరిగే పని అదే. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా కుట్టు మిషన్‌ను మాత్రం పనికొచ్చే వస్తువుల్లో చేర్చారని మా నాన్న చెప్పేవాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి కూర్చుని నాలుగున్నరకు రెండు జాకెట్లూ పూర్తి చేశాను. చేయి తిరిగినవాళ్లకు అది ముప్పావు గంట పని. ఆరింటికి ఆ అమ్మాయి వచ్చింది, లోపలికి పోయి వేసుకుని చూసుకుంది, సరిపోయాయంది. అరవై రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాను. బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రాత్రి అంట్లు తోముకుని పడుకున్నాను, ఎవరూ చెప్పకుండానే.

నేను ఈ రివ్యూలో ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. మిషన్ కొన్నందువల్ల నాకు బద్ధకం పోలేదు. కొని నలభై రోజులు దాని పక్కనే పడుకున్నాను. బుధవారం సాయంత్రం ఒక మనిషి వస్తానన్నది కాబట్టి లేచాను. అత్త ఉన్నన్నాళ్లూ నాలుగున్నరకు ఎట్లా లేచానో కూడా అప్పుడే అర్థమైంది. ఓపిక ఉండి లేవలేదు, ఆమె ఎదురుచూస్తుందని లేచాను. ఆమె పోయాక నా కోసం ఎదురుచూసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేకుండా పోయారు. మా ఆయన తన పనులు తాను చేసుకోగలడు. కాబట్టి మీకెవరైనా ఖాళీగా ఉన్నావు కదా, ఏదో ఒకటి కొనుక్కో, నేర్చుకో అని చెబితే, ముందు ఆ వస్తువు మాట పక్కన పెట్టి, ఒక చిన్న పని ఎవరికి చేసిస్తానని మాటిస్తారో, ఏ రోజుకు ఇస్తానని చెబుతారో చూసుకోండి. ఒక తేదీ, ఒక మనిషి ఉండాలి. చిన్న పనైనా చాలు, గుండీ కుట్టివ్వడమైనా సరే.

ఆ తర్వాత పని దానంతట అదే వచ్చింది. ఎదురింటి అమ్మాయి పెళ్లిలో ఎవరికి చెప్పిందో, పది రోజుల్లో ఐదుగురు వచ్చారు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు యూనిఫారాలు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు, దసరా, సంక్రాంతి, రంజాన్‌కు పిల్లల బట్టలు. మామూలు జాకెట్టుకు 150 తీసుకుంటాను, లైనింగ్ వేస్తే 300. మొదటి నెల మొత్తం 940 రూపాయలు వచ్చాయి. శ్రావణంలో 7,200. సంవత్సరం లెక్క చూస్తే మిషన్ ధర ఐదో నెలలోనే వచ్చేసింది. రోజుకు రెండు జాకెట్లకు మించి ఒప్పుకోను. ఇచ్చిన తేదీ తప్పను. ఆ తేదీ నిలబెట్టుకోవడం ఇప్పుడు నాకు డబ్బు కంటే పెద్ద విషయం, ఎందుకంటే ఒక్కసారి జారితే మళ్లీ ఎక్కడికి పోతానో నాకు తెలుసు.

తప్పులు కూడా చేశాను. ఒక ఆమె ధర్మవరం పట్టుచీర తెచ్చింది. ధర్మవరం ఇప్పుడు వేరే జిల్లాలోకి పోయింది గానీ మాకు అది ఎప్పటికీ మన ఊరి చీరే. జాకెట్టు ముక్క చీర కొసనే నేసి ఉంటుంది, దాన్ని విడదీసి కత్తిరించాలి. పెద్ద జరీ అంచు చేతులకు రావాలి. కత్తెర పట్టుకుని పావుగంట అట్లాగే నిలబడ్డాను. చివరికి కత్తిరించాక చూస్తే రెండు చేతులూ ఒకే పక్కకు వచ్చాయి. ఎడమ చేయి లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున ఆమె ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. చీర లోపలి కుచ్చిళ్లలోకి పోయే వైపు నుంచి కొంచెం గుడ్డ తీసుకోమంది, అట్లా సరిచేశాను. కుట్టుకూలి తీసుకోలేదు. ఆమె మళ్లీ వచ్చింది, ఉగాదికి మూడు జాకెట్లు ఇచ్చింది. పాత రోజుల్లో అయితే ఇట్లాంటి తప్పు జరిగాక తలుపు వేసుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం పట్టుగుడ్డ కత్తిరించే ముందు న్యూస్‌పేపరు మీద గీసి, కత్తిరించి, ఎడమ కుడి అని రాసి, తర్వాతే గుడ్డ మీద పెడతాను.

ఇక మిషన్‌లో లోపాలు. బల్ల చెక్క బాగా లేదు. కిటికీ పక్కన ఉంది కాబట్టి మొదటి వానకే ఒక అంచు ఉబ్బింది, పైన అతికించిన రేకు లేచింది. పట్టుగుడ్డ దానికి తగులుకుని పోగు లేస్తుంది. ఇప్పుడు దాని మీద మెత్తని గుడ్డ మేకులతో బిగించాను. ధర మీద ఇంకో ఐదారు వందలు పెట్టి మంచి బల్ల అడగండి. తోలు బెల్టు సాగిపోతుంది. సాగితే చక్రం తిరుగుతుంది గానీ సూది ఆడదు. అప్పుడు అరంగుళం కోసి మళ్లీ తీగ క్లిప్పు వేయాలి, పద్నాలుగు నెలల్లో నాలుగుసార్లు చేశాం. బాబిన్‌కు దారం చుట్టే దగ్గర ఉండే చిన్న రబ్బరు చక్రం ఆరు నెలలకే అరిగింది. దాని ఖరీదు తక్కువే గానీ లేకపోతే చేతితో చుట్టుకోవాలి. లైటు లేదు, నల్లగుడ్డ కుట్టేటప్పుడు సాయంత్రం కంటికి కష్టం. పికో, జిగ్‌జాగ్ లేవు కాబట్టి చీర అంచులకు బయటికి పంపాల్సిందే.

మోటారు పెట్టించుకోమని చాలామంది చెప్పారు. 1,700 పెట్టి బిగించాను, రెండు వారాలకు తీసేయించాను. వేగం నా చేతికి ఎక్కువైంది. ఇంకో కారణం కూడా ఉంది. తొక్కితే కాళ్లు కదులుతాయి. నడవమన్న డాక్టరు మాట నేను ఇట్లా పాటిస్తున్నాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రోజుకు పది జాకెట్లు కుట్టేవాళ్లకు మోటారు తప్పదు, నాకు అక్కర్లేదు.

సూదుల గురించి ఒక మాట. 14 నంబరు సూదితో మామూలు నూలు గుడ్డలన్నీ కుట్టొచ్చు. పట్టుకు, సన్న గుడ్డలకు 11. మందంగా ఉన్నవాటికి 16, జీన్స్‌కైతే 18. ఇది తెలియక మొదట్లో అన్నిటికీ ఒకటే వాడాను. ఒక ఆదివారం అత్త పాత నూలు చీరలు బయటికి తీశాను. ఆమె మంచం మీద కట్టుకున్నవి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, ఆరు ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేక, పారేయలేక బీరువాలో అడుగున పెట్టి ఉంచాను. మడతలు పెట్టి బొంత కుట్టాలని కూర్చున్నాను. అన్ని మడతల మీద 14 సూది నిలబడుతుందా, మూడు విరిగాయి. భాయ్‌కి ఫోన్ చేస్తే 18 వేయమన్నాడు, కుట్టు పొడవు పెంచమన్నాడు, గుడ్డను లాగవద్దు దానంతట అదే పోనీ అన్నాడు. మూడు రోజులు పట్టింది. ఆమె పడుకున్న చోటే కూర్చుని ఆమె చీరలు కుట్టాను. మధ్యలో చాలాసార్లు ఆగి కళ్లు తుడుచుకున్నాను. ఆ బొంత ఇప్పుడు బెంగళూరులో పాప దగ్గర ఉంది, మనవడి కింద పరుస్తోంది. ఆ పని అయ్యాక ఆ కిటికీ పక్క కూర్చోవడం నాకు బరువుగా అనిపించడం లేదు.

ఇంట్లో నుంచి బయటికి పోవడం కూడా దీనివల్లే మొదలైంది. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం రీళ్లు కావాలంటే పాతూరు బజారుకు పోవాలి. దారం రంగు ట్యూబులైటు కింద ఒకటి, ఎండలో ఒకటి కనిపిస్తుంది, కాబట్టి గుడ్డ ముక్క తీసుకుని షాపు బయట ఎండలో పెట్టి చూసుకోవాలి. ఎవరినైనా పంపితే కుదరదు, నేనే పోవాలి. వారానికి రెండుసార్లు పోతాను. వచ్చేటప్పుడు చెనిక్కాయలు తెచ్చి వీధిలో అరుగు మీద కూర్చుని నలుగురం తింటాం. పొదుపు సంఘం మీటింగుకు తొమ్మిదేళ్లు పోలేదు, పేరు కూడా తీసేశారు. ఈ మార్చిలో మళ్లీ చేరాను. వీధి చివర కొళాయి నీళ్లు రెండు రోజులకోసారి కూడా సరిగా రావడం లేదని అర్జీ రాయాల్సి వస్తే, అక్షరాలు బాగుంటాయని నన్నే రాయమన్నారు. ఇరవై ఏడు సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించాను. ఒకప్పుడు చీటీ అక్కకు తలుపు తీయనిదాన్ని, ఆ అక్క చేత కూడా సంతకం పెట్టించాను.

ఇంకో మాట, ఇది మిషన్‌కు సంబంధించింది కాదు గానీ రాయకుండా ఉండలేను. నా మాదిరి కాకుండా, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పూర్తిగా చెడిపోయి, బతకడం దేనికి అనిపిస్తున్నవాళ్లు ఉంటే దయచేసి కుట్టు మిషన్లు, పనులు అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పని ఆ తర్వాత చూసుకోవచ్చు.

కొనేవాళ్లకు నా సలహా. మొదటిసారి అయితే పాత నల్ల రకమే కొనండి, బాగుచేసేవాళ్లు ప్రతి ఊళ్లో దొరుకుతారు. షాపులో దారం ఎక్కించి, రెండు మడతల గుడ్డ మీద, తర్వాత నాలుగు మడతల మీద కుట్టి చూడండి. పలక తొక్కి వదిలేస్తే చక్రం చప్పుడు లేకుండా కాసేపు తిరగాలి. ఇంట్లో మొదటి రెండు రోజులు దారం లేకుండా గీతల కాగితం మీద తొక్కండి, చక్రం వెనక్కి తిరక్కుండా కాలికి అలవాటు కావాలి. వెనక్కి తిరిగితే దారం తెగుతుంది. నూనె మిషన్ నూనే వాడండి. పని అయ్యాక కప్పండి, కానీ నాలాగా నలభై రోజులు కప్పి ఉంచకండి. మిషన్‌కు అయిదులో నాలుగు ఇస్తాను, బల్లకు, బెల్టుకు ఒకటి తగ్గించాను. షాపు సర్వీసుకు అయిదులో ఒకటి. మెకానిక్ భాయ్‌కి అయిదుకు అయిదు.

బెల్టు మళ్లీ సాగింది. భాయ్ శుక్రవారం నమాజు అయ్యాక వస్తానన్నాడు. ఈలోపు ఎదురింటి అమ్మాయి చెల్లెలు నా దగ్గర నేర్చుకుంటానని వస్తోంది, ఇంటర్ అయ్యాక ఏడాదిగా ఇంట్లోనే ఉంది, వాళ్లమ్మ బలవంతం మీద వచ్చింది. నాలుగు రోజులుగా కాగితం మీద తొక్కుతోంది, గీతలు ఇంకా వంకరగానే వస్తున్నాయి. నిన్న మా పక్కింటి జేజి చిరిగిన సంచి ఒకటి పట్టుకొచ్చి కుట్టమని నాకిచ్చింది. నేను ఆ పిల్లకిచ్చాను. శనివారం పొద్దున పదింటికి సంచి కోసం జేజి వస్తుంది, నువ్వే ఇవ్వాలి అని చెప్పాను. ఈ రోజు అరగంట ముందే వచ్చి కూర్చుంది.